రచయితల సదస్సు ప్రయాణ సాయం – 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో ఎక్కువ డబ్బు, ఎక్కువ పని, ఎక్కువ వాదులాట దేనిమీద నడిచాయంటే, రచయితలను సదస్సులకు పంపే సాయం మీదే. అందుకే మిగతా కార్యక్రమాలను చివర్లో రెండు ముక్కల్లో ముగించి, ఈ నివేదికలో దీన్నే విప్పి చెబుతున్నాం. జమాఖర్చుల పట్టిక, ఆడిటరు పత్రం విడిగా జతచేశాం.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో తెలుగులోనో సవర, కువి వంటి ఆదివాసీ భాషల్లోనో రాస్తూ, హైదరాబాదు, విజయవాడల్లో జరిగే రచనా సదస్సులకు సొంత ఖర్చుతో వెళ్లలేనివారికి ఈ సాయం. దళిత, ఆదివాసీ, మత్స్యకార, ముస్లిం కుటుంబాలవారు, చిన్నపిల్లలున్న తల్లులు, వికలాంగులు, ట్రాన్స్‌జెండర్లు ముందు వరసలో ఉంటారు. ఈ ఏడాది తొమ్మిది మందిని ఎంపిక చేశాం. ఎనిమిది మంది వెళ్లొచ్చారు. వారి పేర్లు, ఫొటోలు ఈ నివేదికలో వెతకొద్దు. చెక్కు చేతికిస్తూ ఫొటో దిగే అలవాటు మానేశాం. సదస్సులోనూ వారు రచయితలుగానే పరిచయం కావాలి, మన సాయం అందుకున్నవారిగా కాదు. బిల్లులు, వోచర్లు చూడాలనుకునే సభ్యులు కోశాధికారి దగ్గర చూడవచ్చు.

డబ్బు ముందు, లెక్క తర్వాత

నిరుటి దాకా మన పద్ధతి ఇదీ. వెళ్లొచ్చినవారు టికెట్లు, బస బిల్లులు తెచ్చిస్తే కోశాధికారి సరిచూసి చెక్కు రాసేవారు. ఆడిటరుకు హాయి. కాని ఎనిమిది వేలు ముందుగా తన చేతినుంచి పెట్టగలిగినవారికే ఈ సాయం దక్కేది. అంటే మనం ఇవ్వకపోయినా ఎలాగోలా వెళ్లగలిగినవారికి. ఎంపికయ్యాక "ఇంట్లో వీలు పడలేదండి" అని ఆగిపోయినవారిని నిదానంగా అడిగితే, వీలు పడకపోవడమంటే చేబదులు పుట్టకపోవడమేనని తెలిసింది.

అందుకని ఈ ఏడాది డబ్బంతా ముందే ఇచ్చాం. హైదరాబాదులో మూడు రోజుల సదస్సుకు ఒక మనిషి లెక్క చూడండి. స్లీపర్‌లో రానుపోను రైలు టికెట్టు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. ఇద్దరు పంచుకునే గదిలో మనిషి వాటా రాత్రికి 700 చొప్పున మూడు రాత్రులకు 2,100. భోజనం, టీ రోజుకు 300 చొప్పున అయిదు రోజులకు 1,500. ఆటో, సిటీ బస్సులకు మూడు రోజులకు 600. కూలి నష్టం రోజుకు 600 చొప్పున అయిదు రోజులకు 3,000. మొత్తం 8,200. ఇంట్లో పసిపిల్లలనో మంచాన పడ్డ పెద్దవారినో చూసుకోవడానికి మనిషిని పెట్టాల్సి వస్తే రోజుకు 400 చొప్పున మరో 2,000, దీన్నే ఇంటి మనిషి ఖర్చు అంటున్నాం. సదస్సు రుసుము ఉంటే నేరుగా నిర్వాహకులకే కడుతున్నాం.

ఈ లెక్కలో టికెట్టు ఎంత చిన్నదో గమనించండి. చందా ఇచ్చేవారు చాలామంది "రైలు టికెట్టు మాది" అంటారు, సంతోషమే. మనిషిని ఊళ్లో ఆపేది మాత్రం ఆ అయిదు రోజుల కూలి. 2025–26కు మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. దాన్నే కొలతగా పెట్టుకుందామని ఒక ప్రతిపాదన వచ్చింది. తాపీ పనికో, పలాసలో జీడిపిక్కల పనికో, వరి కోతకో వెళ్లేవారికి అది సరిపోదని 600 ఖాయం చేశాం. కూలి నష్టానికి బిల్లు అడగం. బిల్లెవరిస్తారు? అది ఏకమొత్తం సాయమని కార్యవర్గ తీర్మానంలో రాసి ఉంచితే ఆడిటు దగ్గర పేచీ ఉండదు. ఆటోకు రశీదు రాదు కాబట్టి తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత అని రాసి సంతకం పెట్టిన సొంత వోచరు చాలు. 5,000 దాటిన రశీదు మీద మాత్రం రూపాయి రెవెన్యూ స్టాంపు తప్పనిసరి. ఈసారి రెండు రశీదులకు అది అంటించక, మళ్లీ సంతకాల కోసం మనుషుల వెంట తిరగాల్సి వచ్చింది.

డబ్బు రెండు విడతలుగా వేశాం. కూలి నష్టం, ఇంటి మనిషి ఖర్చు ప్రయాణానికి పది రోజుల ముందు, భోజనం, ఆటో డబ్బు రెండు రోజుల ముందు. మొత్తం ఒకేసారి వేస్తే ఇంట్లో వేరే అవసరానికి కరిగిపోతుందని, విడతలుగా వేయమని అడిగినవారు వెళ్లినవాళ్లే.

బ్యాంకు దగ్గర ఎదురైన చిక్కులు రాసుకుంటే ఒక పుస్తకమవుతుంది. పాత పాస్‌బుక్కు మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసి డబ్బు పంపకండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. కోడ్ శాఖలో అడిగి రాసుకోవాలి. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణంలోకి పోతుంది, గుర్తింపు (కేవైసీ) పత్రాలు మళ్లీ ఇస్తేగాని లేవదు. అందుకే ఎంపిక కబురుతోపాటే ఒక్క రూపాయి వేసి చూస్తున్నాం. ఆ రూపాయి చేరని ఖాతా సరిచేయించుకోవడానికి వారం పదిరోజుల గడువుంటుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి. ఖాతా భర్త పేరుతోనో కొడుకు పేరుతోనో ఇస్తే, సొంత ఖాతా ఉందా అని ఒకసారి అడగాలి. చాలామందికి ఉంటుంది, ఫారంలో రాయాలని తోచదు, అంతే.

రైలు, బస్సు, అరవై రోజులు

రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని ప్రయాణం రోజు కాకుండా 60 రోజులకు కుదించారు. మనకిది ఒకందుకు మేలే, దరఖాస్తులకు వ్యవధి దొరికింది. కాని ఎంపిక అరవై అయిదో రోజుకల్లా పూర్తి కాకపోతే పని చెడినట్టే. సదస్సులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలోనే. జనవరి మొదట్లో సదస్సు ముగించుకుని వచ్చే మనిషి ఎక్కేది, హైదరాబాదులో పనులకు వెళ్లిన మనవాళ్లంతా సంక్రాంతికి ఎక్కే బండే. వెళ్లే టికెట్టు దొరికిందని ఊరుకుంటే తిరుగు ప్రయాణంలో వెయిటింగ్ లిస్టు మిగులుతుంది. ఆన్‌లైన్ వెయిటింగ్ టికెట్టు చార్టు వేశాక దానంతటదే రద్దయిపోతుంది, దాంతో బండి ఎక్కనివ్వరు. కాబట్టి రాకకు ఏ రోజు రిజర్వేషన్ తెరుస్తారో ఆ ఉదయం 8 గంటలకే టికెట్టు తీయాలి.

2025 జులై 1 నుంచి తత్కాల్‌కూ, అక్టోబరు 1 నుంచి మామూలు రిజర్వేషన్ తెరిచిన మొదటి 15 నిమిషాలకూ (2026 జనవరి 12 నుంచి తెరిచిన రోజంతటికీ) ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఐఆర్‌సీటీసీ ఖాతా కావాలి. కార్యవర్గంలో ఇద్దరు తమ ఖాతాలకు ఆ పని చేయించుకున్నారు. ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాదు. ఈ ఏడాది ఆగిపోయిన తొమ్మిదో మనిషి టికెట్టు మామూలు కోటాలోది, 48 గంటలకు ముందే చెప్పారు, కాబట్టి పోయింది కొంచెమే.

టికెట్టు మీద ఉండాల్సింది ఆధార్ పేరు. ఇది చెప్పక్కర్లేదనుకున్నాం, చెప్పాల్సి వచ్చింది. మనవాళ్లలో సగం మందికి కలం పేర్లుంటాయి. దరఖాస్తులో కలం పేరు రాస్తే అదే టికెట్టు మీదకు, గది బుకింగు మీదకు పోయింది. ఇప్పుడు ఫారంలో రెండు గళ్లు పెట్టాం, కార్డు మీది పేరు ఒకటి, సదస్సులో పిలిపించుకోవాలనుకునే పేరు ఒకటి. ట్రాన్స్‌జెండర్ రచయితలకు ఈ రెండో గడి మరీ ముఖ్యం. కార్డులో పేరు మారకపోయినా బ్యాడ్జి మీద, వేదిక మీద వారు కోరిన పేరే ఉండాలని నిర్వాహకులకు ముందే ఉత్తరం రాస్తున్నాం.

రైలెక్కే చోటు దగ్గర మన ఊళ్లకో ప్రత్యేకత ఉంది. శ్రీకాకుళం రోడ్ స్టేషను పేరుకే శ్రీకాకుళం, ఉన్నది ఆమదాలవలసలో. టౌను నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రాత్రి వేళ దిగే ఆడవాళ్లకు ఆ కిలోమీటర్లే అసలు ప్రయాణం. ఈ ఏడాది ఇద్దరు సభ్యులు తమ కార్లు తీసుకెళ్లి ఎదురుచూశారు. పార్వతీపురం, బొబ్బిలి వైపువారిని ఆమదాలవలసకు రప్పించడం దండగ. విజయవాడ వెళ్లాలంటే రాయగడ నుంచి గుంటూరు వెళ్లే ఎక్స్‌ప్రెస్ వారి ఊళ్లోనే ఆగుతుంది.

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు రాష్ట్రంలో టికెట్టు లేదు. సీతంపేట నుంచో కొత్తూరు నుంచో స్టేషనుకు వచ్చే ఖర్చు అలా మిగిలింది. మిగిలినదాన్ని ఇంటి మనిషి ఖర్చు పద్దులో కలిపాం. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఈ పథకం వర్తించదు, గుర్తింపు కార్డు చూపాలి.

ఎంపిక ఎలా జరిగింది

దరఖాస్తుకు ఒక రచన చాలు. కథయితే 1,500 మాటల లోపు, కవితలైతే మూడు. చేత్తో రాసిన పేజీలను ఫోనులో ఫొటో తీసి పంపినా తీసుకుంటున్నాం. పది నిమిషాల లోపు గొంతు రికార్డింగు కూడా సరే. కులం, ఆదాయం ధ్రువపత్రాలు అడగడం లేదు. బియ్యం కార్డు నకలు ఉంటే చాలు, లేకపోతే సొంత సంతకంతో ప్రకటన. అబద్ధం రాస్తారేమోనన్న అనుమానం సభ్యుల్లో కొందరికి ఉంది. కాని ధ్రువపత్రం కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగే మనిషి నష్టం దానికంటే పెద్దదని కార్యవర్గం అభిప్రాయం.

నూరు మార్కుల్లో రచనకు 50, అవసరానికి 30, ఏ సదస్సుకు ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో రాసిన అరపేజీకి 20. రచనను పేరు తీసేసి ఇద్దరికి పంపుతాం. వారి మధ్య తేడా 15 మార్కులు దాటితే మూడో మనిషికి.

పేరు తీసేస్తే పక్షపాతం పోతుందనుకోవడం మన అమాయకత్వం. పేరు పోయినా పలుకుబడి పోదు కదా. ఒక కథలో "గుంట ఏడస్తంది" అని ఉంటే, ఇతర జిల్లాకు చెందిన పరిశీలకుడు గుంట ఏడవడమేమిటని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. గుంట అంటే మనకు ఆడపిల్ల, వారికి గొయ్యి. "ఎల్లిపోనాడు", "ఏటి" లాంటివి అక్షర దోషాల కింద సున్నాలు చుట్టించుకున్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, మర్నాడు యాసకు మార్కులు కోస్తాం. ఇకనుంచి ప్రతి రచనకూ ఇద్దరిలో ఒకరు ఉత్తరాంధ్రవారే ఉండాలని, భాషకు విడిగా మార్కులు వేయకూడదని నియమం పెట్టాం.

సవర రచనల సంగతి ఇంకా కష్టం. పరిశీలకుల్లో ఎవరికీ ఆ భాష రాదు. తెలుగు అనువాదం అడిగితే అనువాదానికే మార్కులు పడతాయి, మూలానికి కాదు. సవరకు గిడుగు వ్యాకరణం, నిఘంటువులు రాశారు. 2004 నుంచి రాష్ట్రంలో కొన్ని గిరిజన ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు లిపిలో సవర వాచకాలూ వచ్చాయి. అయినా రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో సవర లేదు. 2003లో సంతాలీ, బోడోలకు దొరికిన చోటు దీనికి దొరకలేదు. సదస్సుల్లోనూ ఆ భాషకు ప్రత్యేక సభ అరుదు. మన ఏర్పాటు ఇదీ. రచయిత మూలాన్ని చదివి రికార్డు చేసి పంపాలి, పక్కన తెలుగులో సారాంశం నాలుగు వాక్యాలు చాలు. సవర మాతృభాషగా ఉన్న ఒక ఉపాధ్యాయుడు విని తన మాటల్లో అభిప్రాయం చెబుతారు, ఆ శ్రమకు రచనకు వెయ్యి రూపాయలు. పద్ధతి లోపం లేనిది కాదు, ఒకే మనిషి మీద ఆధారపడుతోంది. రెండో మనిషి కోసం చూస్తున్నాం.

వలస వెళ్లినవారి విషయంలో పాత నియమం తప్పని ఈ ఏడాది ఒప్పుకున్నాం. దరఖాస్తుదారు మూడు జిల్లాల్లో నివాసముండాలని రాసుకున్నాం. మన తీరం నుంచి వందల మంది గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. వారు మన జిల్లావారు కాకుండా పోతారా? నివాసం బదులు సొంతూరు అని మార్చాం. ప్రయాణ ఖర్చు వారున్న చోటు నుంచే లెక్క. ఇక్కడే వేటకు వెళ్లేవారికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధం ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో జరిగే రచనా శిబిరాలు అనుకూలం. జీడి తోటల పనివారికి అవే నెలలు క్షణం తీరిక ఉండదు. ఒకే సదస్సుకు అందర్నీ పంపాలన్న పట్టుదల అందుకే వదిలేశాం.

వెళ్లేవారికి సర్దిపెట్టినవి

యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో డీటీపీ చేయించిన కథ మన కంప్యూటర్లో బాగానే కనిపిస్తుంది, సదస్సువారికి మెయిలు చేస్తే పిచ్చి గీతలు. ఏ కంప్యూటరైనా, ఫోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక ఒత్తులు, అరసున్నలు మళ్లీ చదివి చూడాలి. చూపు లేని రచయితలకు ఇది రెండింతల సమస్య. వారి ఫోను, కంప్యూటరు తెరను చదివి వినిపించేది యూనికోడ్ అక్షరాన్నే, స్కాను చేసిన బొమ్మను కాదు. సదస్సు పాఠ్యాలు కూడా అలాగే పంపమని నిర్వాహకులను నెల ముందే అడగాలి. అడిగితే ఇస్తున్నారు, అడక్కపోతే ఎవరికీ తోచదు.

రైల్లో పూర్తిగా చూపు లేనివారికి, తోడు లేకుండా కదలలేనివారికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవారికీ అంతే. దానికి రైల్వే ఇచ్చే రాయితీ కార్డు ముందే తీసుకోవాలి. అది చేతికందడానికి సమయం పడుతుంది కాబట్టి ఎంపికైన రోజే దరఖాస్తు చేయించాలి. అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు లేదు, అయిదు నుంచి పన్నెండు లోపు వారికి బెర్తు తీసుకుంటే పూర్తి చార్జీ.

హైదరాబాదులో బండి తెల్లవారుజామున దిగుతుంది, గదులు మధ్యాహ్నం పన్నెండుకు గాని ఇవ్వరు. రాత్రంతా రైల్లో కూర్చుని, స్నానం లేకుండా తొమ్మిదింటి సభకు వెళ్లిన మనిషి ఏం వింటాడు? పీఎన్ఆర్ నంబరుతో స్టేషనులోని రిటైరింగ్ రూమో డార్మిటరీలో మంచమో కొన్ని గంటలకు తీసుకోవచ్చు. ఈసారి అయిదుగురికి అలాగే చేశాం, మిగతా ముగ్గురికి ఖాళీ దొరకలేదు.

రచనను చర్చకు పెట్టే సభలుంటే అచ్చు ప్రతులు ఆరు, వరసల మధ్య రెట్టింపు జాగా వదిలి, పేజీ అంకెలు వేసి, ప్రతి పేజీ మీదా పేరుతో. ఒక్క ప్రతితో వెళితే చదివేవాళ్లు లేక చర్చ జరగదు. ఇంగ్లీషులో నడిచే సభలకు మొహమాటానికి వెళ్లి కూర్చోవద్దని చెప్పాం. రోజుకు మూడు సభలు మించి పెట్టుకోవద్దు, నాలుగో దానికి చెవి పనిచేయదు. వెళ్లేముందు కథకుడు కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథల గ్రంథాలయం కథానిలయంలో, సదస్సులో మాట్లాడబోయే కథకుల కథలు రెండు మూడయినా చదివి వెళ్లమంటున్నాం. దూరంవారు దాని వెబ్‌సైటులో చదువుకోవచ్చు. చదివి వెళ్లినవారు ప్రశ్న అడగగలుగుతున్నారు, ఆ ప్రశ్నతోనే పరిచయం కుదురుతోంది.

తిరిగొచ్చాక మనం అడిగేది ఒక పేజీ, పది రోజుల్లో. ఏం ఖర్చయింది, ఏ సభ పనికొచ్చింది, ఏది దండగ, మళ్లీ వెళ్లేవారికి ఏం చెప్పాలి. కృతజ్ఞతలు రాయొద్దని ఫారం మీదే అచ్చు వేశాం. ఎనిమిది మందిలో ఆరుగురి పేజీలు వచ్చాయి.

చందాల గురించి

నగదు చందా 2,000 దాటితే ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదు. ఫోన్‌పేతోనో చెక్కుతోనో ఇవ్వండి, పాన్ నంబరు ఇవ్వండి. 2025–26 చందాల వివరం ఆదాయపు పన్ను శాఖకు 10బీడీ ఫారంలో మే 31లోగా పంపాలి, ఆ తర్వాతే మీకు ధ్రువపత్రం వస్తుంది. పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా మీ పేరు అందులో కలవదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు డబ్బు పంపుతామన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, మన ఊరివారే అయినా, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని మన సంఘం దాన్ని తీసుకోకూడదు. ఇలా ఒకరి డబ్బు మర్యాదగా వద్దన్నాం, ఆయనకు కొంచెం కష్టం తోచింది. దయచేసి బంధువులకు ఈ తేడా చెప్పండి.

మిగతావి

గురజాడ, గిడుగు జయంతి సభలు జరిపాం. గ్రంథాలయానికి పుస్తకాలు కొన్నాం, ఒక బీరువాకు చెద పట్టింది, మందు కొట్టించాం.

వచ్చే ఏడాదికి సభ్యుల నుంచి కావలసినవి

ఆమదాలవలసలో రాత్రి బండి దగ్గరకు వెళ్లగల కార్లు ఇంకో రెండు. హైదరాబాదులో ఒకరిద్దరికి రెండు రాత్రులు వసతి ఇవ్వగల బంధువులు. సవర, కువి తెలిసినవారు ఒక్కొక్కరు. దరఖాస్తులు నింపడానికి సీతంపేట, మెళియాపుట్టి వైపు వారంలో ఒక పూట కూర్చోగలవారు.

తీర్మానానికి పెట్టేవి రెండున్నాయి. ఇంటి మనిషి ఖర్చు రోజుకు 400 నుంచి 500 చేయడం ఒకటి. వినికిడి లేని రచయితకు సైగ భాషలో చెప్పే మనిషిని మనం పంపాలా, నిర్వాహకులను ఏర్పాటు చేయమనాలా అన్నది రెండోది. మనమే పంపితే ఒక రచయిత మీద ఇద్దరి ఖర్చు పడి ఒక చోటు తగ్గుతుంది. ఈ రెండో దాని మీద కార్యవర్గం రెండుగా చీలింది, నిర్ణయం సర్వసభ్య సమావేశానిదే.